కోడలి సైకిలుకు దోవ

5-8-25, మంగళవారం

నా పేరు వెంకటముని. చదివింది మూడో తరగతి. ముప్ఫై ఎనిమిదేళ్ళు లారీ తోలాను. ట్రిప్పు పుస్తకం తప్ప వేరే ఏదీ రాసినవాణ్ణి కాదు. ఇప్పుడు ట్రిప్పులు లేవు. అయినా రాస్తున్నాను. నోటితో చెప్పుకోలేనిది ఒకటి వచ్చి పడింది.

భయంగా ఉంది.

కోడలు కోమలి సైకిల్ మీద డ్యూటీకి పోతానంటోంది. రేణిగుంట దగ్గర సెల్‌ఫోన్ వైర్లు చేసే ఫ్యాక్టరీలో చేరి రెండు నెలలయింది. పొద్దున ఆరుకి షిఫ్టు. ఇన్నాళ్ళూ కంపెనీ బస్సు మా గుండ్లమిట్టకి వచ్చేది. పది కిలోమీటర్ల లోపలి పల్లెలకి వచ్చే నెల ఒకటి నుంచి బస్సు లేదన్నారు. మాది ఎనిమిది. ఆ టైముకి ఆటో దొరకదు. ఆరు నెలలు గడిస్తే పర్మినెంటు. ఆ లోపల మూడుసార్లు లేటయితే పేరు కొట్టేస్తారు.

కొడుకు దయానంద్ కంటైనర్ తోలుతాడు, చెన్నై నుంచి నాగపూర్‌కి. ఇరవై రోజులకొకసారి ఇల్లు చూస్తాడు. ఫోన్ చేసి, నీ పెండ్లాం తెల్లారకముందే హైవే మీద సైకిల్ తొక్కుతుందంట, వద్దని చెప్పు అన్నాను. వాడు నవ్వాడు. నా మాట ఎప్పుడు ఇనింది నాయనా, నువ్వే చెప్పు అన్నాడు.

చెప్పాను. వద్దు అన్నాను. కోమలి గిన్నెలు కడుగుతూ తల కూడా తిప్పలేదు. వద్దంటే ఇంట్లో కూసుంటానా మామా, దోవ నువ్వే సూపించు, నీకంటే దోవలు తెలిసినోళ్ళు యాడ ఉండారు అంది.

పొగిడిందో, ఎగతాళి చేసిందో తెలియలేదు.

7-8-25, గురువారం

ఇంట్లో అందరూ నాకు కోపం అనుకుంటున్నారు. అనుకోనీ. కోపమైతే గౌరవంగా ఉంటుంది.

సైకిల్ వాణ్ణి లారీ లోపలినుంచి చూసినవాణ్ణి నేను. ఎట్లా కనబడతాడో నాకు తెలుసు. కనబడడు. మా కాలంలో ఎడమ పక్క చూసేది క్లీనర్. తల బయటపెట్టి సైడ్ సైడ్ అని అరుస్తూ డోర్ మీద చరిచేవాడు. పన్నెండేళ్ళకి నేను ఎక్కింది ఆ పనికే. ఇప్పుడు లారీలో క్లీనర్ లేడు. మిగిలింది డ్రైవర్ ఒక్కడే. ఎడమ పక్కకి కళ్ళు లేవు. సైకిల్ పోయేది ఎడమ పక్కనే.

ఇది కోమలికి చెప్పలేదు. చెబితే భయపడుతుంది. భయపడిన మనిషి హ్యాండిల్ వంకర పోతుంది.

9-8-25, శనివారం

నాలుగున్నరకి లేచి హైవే నడిచాను. నాకు సైకిల్ తొక్కడం రాదు. పద్నాలుగు చక్రాల దాకా తోలాను, రెండు చక్రాలది నేర్చుకునే టైము దొరకలేదు. అందుకని నడక.

రోడ్డు అంచున నిలిపిన లారీలు పదకొండు. ఒక్కదానికీ వెనక లైటు లేదు. సైకిల్ వాటిని తప్పించాలంటే రోడ్డు నడుమకి రావాలి. ఎదురు దిక్కులో వచ్చే మోటార్ సైకిళ్ళు నాలుగు. ఒక లారీ నా పక్కనే పోయింది. డ్రైవర్ నోరు తెరుచుకుని ఉన్నాడు.

నాలుగు నుంచి ఆరు, డ్రైవర్‌కి చెడ్డ టైము. కళ్ళు తెరిచే ఉంటాయి, లోపల మనిషి ఉండడు. నేనూ అట్లా తోలాను. ఒకసారి ఏర్పేడు దాటింది తెలుసు, రేణిగుంట గేటు వచ్చింది తెలుసు. నడుమ ఏమీ తెలియదు. ఆ నడుమలోనే మా కోడలు సైకిల్ తొక్కబోతోంది.

హైవే వద్దు. ఖాయం.

13-8-25, బుధవారం

కాలువ గట్టు దోవ చూశాను. లారీ లేదు, టిప్పర్ లేదు. బాగుంది అనుకుంటూ ఉండగానే కోళ్ళ అంగళ్ళ వాళ్ళు పారబోసిన మూటలు కనబడ్డాయి. వాటి చుట్టూ కుక్కలు. మాంసం రుచి మరిగినవి. రాయి ఎత్తితే పారిపోలేదు. వెనక్కి వెనక్కి నడిచి బయటపడ్డాను. పంచె చినిగింది.

గురవమ్మ పంచె చూసి, లారీ తోలినన్నాళ్ళు ఒక్క గుడ్డ చినగలేదు, ముసిలితనంలో యాడికి పోయొస్తా ఉండావు సామీ అంది. పెండ్లాం గదా, నలభై ఆరేళ్ళ నుంచీ అదే గొంతు. ముండ్ల కంపలో చిక్కుకుందని చెప్పాను.

కాలువ గట్టు వద్దు.

17-8-25, ఆదివారం

మూడో దోవ. కాలనీ సిమెంటు రోడ్డు, వేరుశెనగ చేలు, రైల్వే అండర్‌బ్రిడ్జి. అది దాటి ఎక్కితే హైవే పక్క రోడ్డు. మనుషులున్న దోవ. పాలవాళ్ళు తిరుగుతారు. కుక్కలు ఉన్నాయి గానీ ఇళ్ళ కుక్కలు.

ఒకటే చెడ్డ చోటు. అండర్‌బ్రిడ్జి నుంచి పైకి ఎక్కగానే ఎడమకి మలుపు, కంకర క్రషర్ దోవ కూడా అక్కడే కలుస్తుంది. గోడ అడ్డం. క్రషర్ టిప్పర్లు ఎదురుగా దిగుతాయి, బరువుతో, న్యూట్రల్‌లో, డీజిల్ మిగిల్చుకోవడానికి. ఆ గోడ దగ్గర అరగంట నిలబడ్డాను. నాలుగు దిగాయి. ఒకటీ హారన్ కొట్టలేదు.

అంతసేపూ గోడ మీద చెయ్యి తీయలేదు. డెబ్బై నాలుగేళ్ళు, అందుకే అని చెప్పుకున్నాను.

23-8-25, శనివారం

ఈరోజు ఒక సంగతి పట్టుకున్నాను. డ్రైవర్‌గా బతికినవాడికి తప్ప తోచదు.

అండర్‌బ్రిడ్జి దోవలో పోయినా చివర హైవే మీద ఆరు వందల గజాలు తప్పదు. ఆ ముక్క ఎక్కడ ఎక్కాలి? పక్క రోడ్డు రెండు చోట్ల హైవేలో కలుస్తుంది. ఒకటి తిరుమలయ్య టీ అంగడికి ముందు, ఒకటి తరువాత. దగ్గరగా ఉండేది ముందుది. అందరూ దాంట్లోనే ఎక్కుతారు.

ఎక్కకూడదు. టీ తాగకముందు డ్రైవర్ నిద్రలో ఉంటాడు. అంగడి లైటు చూసి ఎడమకి కోస్తాడు, ఇండికేటర్ కూడా వేయడు. టీ తాగినాక మొగం కడుక్కుని, బీడీ కాల్చి, టైర్లు తన్ని చూసి, అప్పుడు ఎత్తుతాడు బండి. ఆ మనిషికి చీమ కూడా కనబడుతుంది. అందుకే సైకిల్ అంగడి దాటాకే హైవే ఎక్కాలి. మూడు వందల గజాలు ఎక్కువ తొక్కాలి. తొక్కాలంతే.

ఫ్యాక్టరీ కూడా ఎడమ పక్కనే. రోడ్డు దాటే పని లేదు.

మలుపు దగ్గర పంచర్ అంగడి నియాజ్‌కి చెప్పాను, ఇట్లా మా కోడలు వస్తుంది, ఐదుంబావుకి అంగడి లైటు వేసి ఉంచు అని. వేస్తాలే అన్నా అన్నాడు. ఊరుకోలేదు. పద్నాలుగు చక్రాలోడివి రెండు చక్రాలకి ఇంతగా దడుస్తా ఉండావే అని పళ్ళికిలించాడు. దడుపు కాదురా, ప్లాను అన్నాను.

26-8-25, మంగళవారం

అటక మీద మా పాత లారీ సైడ్ అద్దం ఉంటే దించాను. నియాజ్ నిచ్చెన వేశాడు. మలుపు దగ్గర కరెంటు స్తంభానికి తీగతో కట్టాను. అండర్‌బ్రిడ్జిలోంచి ఎక్కేవాళ్ళకి దిగే టిప్పర్ కనబడుతుంది.

సాయంత్రం కోమలికి దోవ చూపించాను. తను సైకిల్ మీద, నేను పక్కన నడక. ఇక్కడ బెల్లు కొట్టు, ఇక్కడ దిగు, ఇక్కడ చున్నీ కట్టుకో, ఇక్కడ అద్దం చూడు, టీ తాగినాకే డ్రైవర్ మేలుకుంటాడు, అంగడి దాటాకే హైవే ఎక్కు. ఇరవై రెండు చెప్పాను. చివరికి కోమలి, మామా, నేను ఫ్యాక్టరీకి పోతా ఉండానా, పాకిస్తాన్ బార్డర్‌కి పోతా ఉండానా అంది.

నవ్వు వచ్చింది. నవ్వలేదు.

1-9-25, సోమవారం

5:05 బయలుదేరింది.

5:20. మలుపు దగ్గర ఉండాలి ఇప్పుడు.

5:30. టీ అంగడి.

5:41. మిస్డ్ కాల్ వచ్చింది. చేరాక ఒక రింగు ఇచ్చి ఆపాలని మాట్లాడుకున్నాం. ఒక రింగే. సరిగ్గా ఆపింది.

కాఫీ తాగాను. ఆ ముప్ఫై ఆరు నిమిషాలు ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తు లేదు. మధ్యాహ్నం వెలుగులో వచ్చేస్తుంది, అప్పుడు ఇంత ఉండదు.

2-9-25

5:41.

3-9-25

5:42.

6-9-25, శనివారం

వాన. 5:41కి రాలేదు. 5:50కి రాలేదు. చెప్పులు వేసుకుని కాలనీ చివరిదాకా పోయాను. 5:56కి వచ్చింది. అండర్‌బ్రిడ్జిలో నీళ్ళు, దిగి నడిపించుకుంటూ పోయిందట. మంచి పని చేసింది. ఇంటికి వచ్చాక ఆ మాట అనలేదు. బురద సైకిల్ లోపల పెట్టినందుకు అరిచాను.

18-9-25, గురువారం

అన్నం తింటూ కోమలి చెప్పింది. పొద్దున మలుపులో టిప్పర్ దిగిందట. అద్దంలో చూసి ఆగిందట. టిప్పర్ వాడు గోడ రాసుకుంటూ పోయాడట. వాడి గాలికి చున్నీ ఎగిరి మొగానికి చుట్టుకుందట. దెయ్యం మాదిరి ఉన్నిందేమో అత్తా, నియాజన్న జడుసుకున్నాడు అని నవ్వుతోంది. గురవమ్మా నవ్వుతోంది.

నేను సగంలోనే లేచాను. చెయ్యి కడిగేశాను. కారం ఎక్కువైందని చెప్పాను.

ఎంత దూరంలో పోయిందని అడగలేకపోయాను. జానా, మూరా?

19-9-25, శుక్రవారం

5:41. అయినా భయం తగ్గలేదు. ఆ మలుపు మంచిది కాదు. ఏదో ఉంది అక్కడ. రెండేళ్ళ కిందట పాలవాడొకడు అక్కడే పడ్డాడని తిరుమలయ్య చెప్పాడు. అద్దం కడితే సరిపోయే చోటు కాదు అది.

21-9-25, ఆదివారం, అమావాస్య

ముప్ఫై ఎనిమిదేళ్ళలో నా మీద ఒక్క కేసు లేదు. ఒక మేక కూడా నా చక్రం కింద పడలేదు. అందరూ డ్రైవింగ్ అనుకుంటారు. నాకు తెలుసు. ఏ అమావాస్యకీ గుమ్మడికాయ కొట్టకుండా బండి ఎత్తలేదు.

అందుకే ఈరోజు ఆ పని చేశాను. మిద్దె మీద పాదుకి మూడు బూడిద గుమ్మడికాయలు ఉన్నాయి, గురవమ్మ వడియాలకని ఉంచింది. పెద్దది కోశాను. పైన చిల్లి చేసి కుంకుమ, సున్నం నీళ్ళు పోశాను. సంచిలో పెట్టుకుని పొద్దు గూకే టైముకి మలుపు దగ్గరికి పోయాను. నియాజ్ అంగడి మూసి ఉంది, ఆదివారం.

కర్పూరం వెలిగించి మలుపుకి మూడు చుట్లు తిప్పాను. కోమలి పేరు చెప్పాను, సైకిల్ పేరు చెప్పాను. సైకిల్‌కి పేరేముంది, రంగు చెప్పాను, నీలం. తల మీదికి ఎత్తి కొట్టాను. పగిలిన శబ్దం బాగా వచ్చింది. కొట్టాక వెనక్కి తిరిగి చూడకూడదు. చూడలేదు. నేరుగా ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాను.

నెల తరువాత ఈ పూట ఆకలి వేసింది.

22-9-25, సోమవారం

5:41. లేదు.

5:48. లేదు.

5:55. లేదు.

6:10. నియాజ్ మోటార్ సైకిల్ మీద కోమలిని తీసుకొచ్చాడు.

సాయంత్రం రాస్తున్నాను.

మోకాలు చెక్కుకుపోయింది. కుడి మణికట్టు వాచింది. బతికి ఉంది. మలుపులో చక్రం జారింది. పడి కూర్చున్న మనిషికి రెండు బారల దూరంలో టిప్పర్ ఆగింది. వాడు బ్రేకు తొక్కిన వాసన నా అంగడి దాకా వచ్చింది అన్నా అన్నాడు నియాజ్.

ఎందుకు జారిందని నేను అడగలేదు. వాడే చెప్పాడు. ఎవుడో మతిలేనోడు గుమ్మడికాయ తెచ్చి మలుపు నడుమ కొట్టిపోయినాడన్నా, గుజ్జు ఇంత మందాన ఉండాది, సబ్బు మాదిరి, గోడకి కొట్టుకోకూడదా, వాని తలకి కొట్టుకోకూడదా.

కోమలి మంచం మీద పండుకుని, వాని చేతులు పడిపోను అంది.

నా చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

24-9-25, బుధవారం

ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. బ్యాండేజి కట్టి ఆదివారం దాకా తొక్కకూడదన్నారు. డాక్టర్ చీటీ ఉంది కాబట్టి ఫ్యాక్టరీలో లీవు ఇచ్చారు, కానీ ఆ ఒక్క పొద్దు లేటు కింద రాసుకున్నారు. ఇంకా రెండు మిగిలాయి.

ఇదంతా సరే. కోమలి ఇంకో మాట అంది. అదే నన్ను నిలబడనీయడం లేదు.

నీ దోవ నాకొద్దు మామా అంది. సోమవారం నుంచి హైవే మీదే పోతా, ఆడ లైట్లుండాయి, రోడ్డు నున్నగా ఉండాది, ఎవురూ కాయలు కొట్టరు అంది. మెల్లగానే అంది. నన్ను నొప్పించకుండా.

ఆ దోవ చెడ్డది కాదని చెప్పాలి. చెబితే, మరి చెడ్డది ఏది అని అడుగుతుంది.

26-9-25, శుక్రవారం

గురవమ్మకి తెలిసిపోయింది. మిద్దె మీద గుడ్డలు ఆరేసి దిగి వచ్చి, పాదుకి మూడు కాయలుండె, రెండే ఉండాయే, కోతి ఎత్తకపోయిందా సామీ అంది.

ఉండొచ్చు అన్నాను.

కోతి కాదులే, ముసిలి కొండముచ్చు, దాని పంచెకి కుంకుమ కూడా అంటింది, ఉతికింది నేనే గదా అంది. కోమలి లోపల ఉంది. గొంతు తగ్గించి, నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా అంది.

నేను చెప్తాను అన్నాను. చెప్పలేదు.

నా తప్పు ఒప్పుకున్న రోజు ఒకటి చూపించమంటే నాకు గుర్తు రావడం లేదు. ఓనర్ దగ్గర కూడా ఒప్పుకోలేదు. నా వల్ల పడిందని ఆ బిడ్డకి తెలిస్తే మొగం ఎట్లా చూపించేది? ఇరవై రెండు జాగ్రత్తలు చెప్పినవాణ్ణి.

28-9-25, ఆదివారం

రేపు హైవే. చెప్పలేదు.

29-9-25, సోమవారం

5:08 బయలుదేరింది. వెనకనే పోయాను, కనబడకుండా. ఊరి రోడ్డు హైవేలో కలిసే చోట ఆగిపోయాను. సైకిల్ వెనక ఎర్ర స్టిక్కర్ ఒకటి మెరిసింది. దాని పక్కన ఒక లారీ పోయింది, స్టిక్కర్ కనబడలేదు. లారీ దాటింది, మళ్ళీ కనబడింది. ఇంకో లారీ. కనబడలేదు. మళ్ళీ కనబడింది.

మూడో లారీకి నేను కళ్ళు మూసుకున్నాను.

5:38. మిస్డ్ కాల్. కిలోమీటరున్నర ఎక్కువ తిప్పినావు మామా ఇన్నాళ్ళూ, ఇది ఎంత సుఖంగా ఉండాది అని సాయంత్రం సంతోషపడింది.

30-9-25, మంగళవారం

లారీ గాలి లాగిందట. పక్కన పోయే లారీ గాలి సైకిల్‌ని తన వైపుకి లాగుతుంది, అది నాకు తెలుసు. కొత్తవాళ్ళు భయపడి ఇంకా ఆ పక్కకే వాలుతారు. కోమలి దోసె పోస్తూ చెప్పింది, ఎవరో చెయ్యి పట్టి లాగినట్టే ఉండె అత్తా అని. గురవమ్మ నా వైపు చూసింది. చూస్తూనే ఉంది.

దోసె మాడింది.

1-10-25, బుధవారం, ఆయుధ పూజ

కోమలి మూడు గంటలకి వచ్చింది. సైకిల్ కడిగాం. పసుపు, కుంకుమ, చామంతి దండ, చక్రాల కింద నిమ్మకాయలు. నా పాత స్పానర్లు కూడా వరసగా పెట్టాను.

హారతి అయ్యాక గురవమ్మ లోపలికి పోయింది. బూడిద గుమ్మడికాయ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కోమలి ముందరే. కొట్టు సామీ, నీకు బాగా అలవాటు గదా, యాడ కొడతావో కొట్టు అంది.

కాయ బరువుగా ఉంది. వీధిలో అందరూ కొడుతున్నారు, శబ్దాలు వినబడుతున్నాయి. నా చేతులు పైకి లేవలేదు. కోమలి, ఏమి మామా, చెయ్యి పట్టేసిందా, ఇటియ్యి అంది.

చెప్పేశాను. ఆ మలుపులో కొట్టింది నేనే, నీకోసమే కొట్టాను, వెనక్కి చూడకూడదని చూడలేదు, ఆ దోవలో తప్పు లేదు, తప్పు నాది, హైవే మీద మాత్రం పోవద్దు. ఒకే ఊపిరిలో. కాయను చూస్తూ చెప్పాను, మనిషిని చూడలేదు.

కోమలి మణికట్టు బ్యాండేజిని ఒకసారి సర్దుకుంది. తరువాత, ఆ టిప్పరోడు టీ తాగి ఉన్నాడు కాబట్టి సరిపోయింది మామా అంది. అంతే. కాయ నా చేతుల్లోంచి తీసుకుని లోపలికి పోయింది. కత్తిపీట శబ్దం వినబడింది. ముక్కలు కోస్తోంది.

బయట కొట్టే కాయను కూర ముక్కలు చేసింది. గురవమ్మ పొయ్యి ముట్టించింది.

3-10-25, శుక్రవారం

నాతో మాటలు లేవు. కంచం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, పోతుంది.

5:03కి బయలుదేరింది. వీధి చివర నిలబడి చూశాను. కుడికి తిరిగితే కాలనీ, అండర్‌బ్రిడ్జి. నేరుగా పోతే హైవే.

కుడికి తిరిగింది.

5:41.

8-10-25, బుధవారం

ఈరోజు మాట్లాడింది. పలకరింపు కాదు. వచ్చే అమావాస్య ఎప్పుడు మామా అని అడిగింది. ఇరవై ఒకటి, మంగళవారం అన్నాను.

నువ్వు ఒక్కడివే కాదు గదా కొట్టేది అంది. మూడు దోవలు కలిసే చోటు, క్రషర్ వాళ్ళు కొడతారు, అంగళ్ళ వాళ్ళు కొడతారు, పోయిన తూరి ఆదివారం, అంతా మూసుండె, ఈసారి దీపావళి అమావాస్య, ఇంకా ఎక్కువ. బుధవారం పొద్దున నేను దిగి నడిపించుకుని పోతాలే అంది.

నడిచినా జారుతుంది. జారకపోయినా, న్యూట్రల్‌లో దిగే టిప్పర్‌కి గుజ్జు మీద బ్రేకు పడదు. నేను పండుకుంటే ఆ చక్రాలే కనబడుతున్నాయి.

15-10-25, బుధవారం

అడిగి చూశాను. క్రషర్ దగ్గరికి పోయి, మలుపులో కొట్టవద్దప్పా, మీ గేటు ముందర కొట్టుకోండి అన్నాను. మేనేజర్ కుర్చీ కూడా వేయలేదు. మా గేటు ముందర కొడితే దిష్టి మాకే గదా పెద్దాయనా, నీ వయసుకి తెలీదా అన్నాడు. తెలుసు. అదే కష్టం.

తిరుమలయ్య నా ఎదురుగానే గ్లాసు కడుగుతూ, మూడు దోవల్లో కొట్టమని నాకు చెప్పినోడివి నువ్వే గదన్నా, పదేండ్ల కిందట, ఇప్పుడు వద్దంటావే అన్నాడు.

నియాజ్‌ని, పొద్దున్నే ఊడ్చిపెడతావా అని అడిగాను. వాడు రెండు చెవులూ పట్టుకున్నాడు. మా ఇంట్లో ఈ నమ్మకం లేదన్నా, అయినా నేను ముట్టనన్నా అన్నాడు.

ఎవరూ ముట్టరు. పంచాయతీ చెత్త వాళ్ళు కూడా చుట్టు తిరిగి పోతారు. దాన్ని దాటితేనే తగులుతుందని చెప్పి పెంచారు మమ్మల్ని. మా క్లీనర్ ఒకడు తెలియక తొక్కి నెల రోజులు జ్వరం పడ్డాడు. దాటితేనే అట్లా అయితే, చేత్తో ఎత్తినవాడికి ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. ఎత్తినవాడు ఎవడూ లేడు కాబట్టి.

21-10-25, మంగళవారం, అమావాస్య

సాయంత్రం మలుపు దాకా పోయి దూరంగా నిలబడి చూశాను. ఒకరి తరువాత ఒకరు వస్తున్నారు. కొడుతున్నారు. వెనక్కి చూడకుండా పోతున్నారు. ఒక్కొక్క శబ్దాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

పారా, చీపురు, రెండు సంచుల మన్ను పక్కన పెట్టుకున్నాను. గురవమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది. ఊరందరి దిష్టి నీ నెత్తిన ఏసుకోని ఈ ఇంట్లోకి వస్తావా అంది. ఏడుస్తోంది. ఆమె ఏడవడం నేను పెద్దగా చూసింది లేదు. నాకు లారీ కింద పండుకుని పని చేసేటప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

మూడు గంటలకి అలారం పెట్టమని కోమలికే ఇచ్చాను ఫోన్. ఎందుకని అడగలేదు. పెట్టి ఇచ్చింది.

22-10-25, బుధవారం

తొమ్మిది కాయలు. అన్నీ ఎత్తాను. మన్ను పోశాను. చేతుల ఎరుపు సబ్బుకి పోలేదు. ఇంట్లోకి పోలేదు, ఎవరినీ ముట్టుకోలేదు, వాకిట్లోనే కూర్చున్నాను.

5:40కి ఫోన్ మోగింది. ఒక రింగుతో ఆగలేదు. ముట్టుకోవడానికి భయమేసింది. గురవమ్మ కొంగుతో పట్టుకుని దూరంనుంచే నా చెవి దగ్గర పెట్టింది. చేరినాను మామా, అంది కోమలి. ఊ అన్నాను.

వచ్చే అమావాస్య నవంబర్ ఇరవై, గురువారం.